పెరంబూరు బేస్: ఆగస్టు నుంచి డిసెంబరు వరకు

ఈ బేస్ గిటార్ తలమీద పేరు లేదు, ఎప్పుడో ఊడిపోయింది. మెడ వెనుక నాలుగు స్క్రూల స్టీలు పలకమీద జపాన్ అన్న ముద్ర మాత్రం చెక్కుచెదరలేదు. అమ్మిన పెద్దాయన చెన్నై పెరంబూరు రైల్వే క్వార్టర్స్‌లో పెరిగిన ఆంగ్లో ఇండియన్. చర్చిలోనూ పెళ్లి రిసెప్షన్లలోనూ వాయించేవారు. 1979లో హార్బరు దగ్గరి బర్మా బజారులో కొన్నానని చెప్పారు. బాడీ పైఅంచున ఆయన ముంజేయి ఆనిన చోట రంగు అరిగి కలప కనిపిస్తోంది. "దీన్ని ఇలాగే ఉంచుతాను అంకుల్" అని మాటిచ్చి తెచ్చుకున్నాను. ఈ పనికంతటికీ నేను పెట్టుకున్న నియమం కూడా అదే: మళ్లీ పాత స్థితికి తేలేని మార్పు ఏదీ చేయను.

ఆకారం ప్రెసిషన్ బేస్‌ది. అమెరికన్ గిటార్ తయారీదారు లియో ఫెండర్ 1951లో తెచ్చిన ఆ నమూనాకు 1957లో రెండు ముక్కల పికప్ (తీగ కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే అయస్కాంతం, రాగి చుట్ట) వచ్చింది. 1970లలో జపాన్ ఫ్యాక్టరీలు దాన్ని అచ్చు గుద్దినట్టు తయారుచేశాయి. తల దగ్గర తీగలు ఆనే నట్ నుంచి బాడీమీద ఆనే బ్రిడ్జి వరకు తీగ పొడవు 34 అంగుళాలు, ఫ్రెట్లు (మెడమీది లోహపు మెట్లు) 20.

ఆగస్టు

ఇంటికి తెచ్చేసరికి బేస్ మూగగా ఉంది. ఇలాంటప్పుడు కొత్త పికప్ కొనేయమని చాలామంది సలహా ఇస్తారు. నేను ముందు విద్యుత్ నిరోధం కొలిచే మల్టీమీటర్ తీస్తాను. ఈ తరహా పికప్ బాగుంటే మొత్తం మీద 10, 11 కిలో ఓంల దగ్గర చూపాలి. ఇక్కడ మీటరు కదలలేదు. ముక్కలను విడదీసి కొలిస్తే మంద్ర తీగల వైపు ముక్క 5.2 చూపింది, రెండో ముక్క ఏమీ చూపలేదు. రెండు ముక్కల్లో చుట్ల దిశ, అయస్కాంత ధ్రువాలు ఒకదానికొకటి ఎదురుగా ఉంటాయి. కరెంటు లైను నుంచి వచ్చే 50 హెర్ట్జ్ గుర్రు అందువల్లే రద్దవుతుంది. కానీ ఈ ముక్కలు సీరీస్‌లో, అంటే ఒకదాని వెనుక ఒకటిగా, కలిపి ఉంటాయి కనుక ఒకటి తెగితే బేస్ మొత్తం మూగబోతుంది.

మూత తీసి భూతద్దం కింద చూస్తే, చుట్ట చివరి కొసను టంకం వేసిన చోట పచ్చటి చిలుము. సముద్రపు గాలికి రాగి ఇలాగే పోతుంది. పికప్‌లలో సాధారణంగా వాడే 42 గేజ్ తీగ మందం 0.063 మిల్లీమీటర్లు, అంటే దాదాపు తలవెంట్రుకంత. పై చుట్టు ఒక్కటి విప్పి, కొసమీది ఎనామిల్‌ను సన్న ఎమరీ కాగితంతో గీకి, 25 వాట్ల ఐరన్‌తో ఒక్క క్షణం తాకించి టంకం వేశాను. అతుకుమీద రంగులేని గోళ్లరంగు పూస్తే ఉప్పుగాలి తగలదు. మీటరు 10.5 చూపినప్పుడు కలిగిన ఆనందం కొత్త పికప్ కొంటే రాదు. లోపలెక్కడో తెగి ఉంటే మొత్తం మళ్లీ చుట్టాల్సి వచ్చేది. నా దృష్టిలో అలా చుట్టింది పాత పికప్ కాదు.

సెప్టెంబరు

వాల్యూమ్ పాట్ (శబ్దాన్ని పెంచి తగ్గించే తిప్పుడు నియంత్రిక) తిప్పితే కరకరలాడుతోంది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టినా లోపలి కార్బన్ పట్టీ అరిగిపోయింది కనుక లాభం లేకపోయింది. ఎలక్ట్రానిక్ విడిభాగాలు దొరికే రిచీ స్ట్రీట్‌కు వెళ్లేవారికి ఒక మాట: ఊరికే 250కె (250 కిలో ఓంలు) అంటే దుకాణంలో చేతికి వచ్చేది బి250కె. వాల్యూమ్‌కు కావలసింది ఏ250కె. చెవి శబ్దాన్ని వినే తీరుకు తగ్గట్టు నెమ్మదిగా పెరిగేది ఏ రకమే. బి రకం వేస్తే తిప్పుడంతా ఒక మూలకే పనిచేసినట్టు ఉంటుంది. టోన్‌కు 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్, ఒంటిమీద 473 అని ఉంటుంది. పాత కెపాసిటర్ బాగానే ఉంది కనుక కదపలేదు. బాడీలో పికప్, పాట్‌లు కూర్చునే గుంటల లోపల గుర్రు తగ్గడానికి రాగి రేకు అంటించి దాన్ని గ్రౌండుకు కలిపాను. రేకు ఎప్పుడైనా ఊడదీయవచ్చు.

తీసిన పాట్‌ను చీటీ రాసి ప్యాకెట్‌లో పెట్టాను. పాత భాగాలు పారేయవద్దని అంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. అమెరికన్ బేస్‌ల పాట్‌ల మీద తయారీ సంకేతం ఉంటుంది: మొదట 137 ఉంటే తయారుచేసింది సీటీఎస్ కంపెనీ, 304 ఉంటే స్టాక్‌పోల్, తరువాతి అంకెలు సంవత్సరం, వారం. కోడంబాక్కంలో ఒక మిత్రుడికి 1966 నాటిదని చూపించిన బేస్‌లో 1377212 కనబడింది, అంటే 1972లో 12వ వారం. టంకం ఎవరూ ముట్టనట్టే మెరుస్తోంది. ఆయన కొనలేదు. ఒక్క పాట్ ఎవరైనా మార్చి ఉండవచ్చు కాబట్టి సంకేతాన్ని, టంకాన్ని, మెడ అడుగున ఉండే తేదీని కలిపి చూడాలి.

అక్టోబరు, నవంబరు

ఈశాన్య రుతుపవనాలు వచ్చాయి, గదిలో తేమ మీటరు 80 శాతం దాటింది. చెన్నైలో పాత బేస్‌కు అసలు పరీక్ష ఈ రెండు నెలలే. నాలుగు తీగలు కలిసి మెడను దాదాపు 80 కిలోల బలంతో లాగుతాయి, కలప తేమ తాగితే ఆ లెక్క మారుతుంది. మెడ వంపు తెలియాలంటే మొదటి ఫ్రెట్ దగ్గర కాపో (తీగలను నొక్కిపట్టే బిగింపు) బిగించి, చివరి ఫ్రెట్ దగ్గర తీగను నొక్కి, ఎనిమిదో ఫ్రెట్ పైన సందు కొలవాలి. ఇందుకు వాడే ఫీలర్ గేజ్ జీపీ రోడ్డులో మోటారు విడిభాగాల దుకాణాల్లో దొరుకుతుంది. మెకానిక్‌లు వాల్వుల సందు కొలిచేది దానితోనే. నాకు 0.9 మిల్లీమీటర్లు వచ్చింది, కావలసింది 0.35. మెడ లోపల వంపును సరిచేసే కడ్డీ ట్రస్ రాడ్. దాని నట్ మెడ మడమ దగ్గర, అంటే బాడీకి కలిసే కొసన, ఉంది కనుక ప్రతిసారీ తీగలు వదులుచేసి మెడ విప్పాల్సిందే. పావు చుట్టు తిప్పి, మళ్లీ బిగించి, ఒక రాత్రి ఆగి కొలవాలి. తొందరపడి ఒకేసారి తిప్పితే రాడ్ తెగవచ్చు. ఆ తరువాత ఆ మెడను బాగుచేయడం చాలా కష్టం.

మెడ విప్పి ఉండగానే ఫ్రెట్లు శుభ్రం చేశాను. నికెల్ సిల్వర్ అంటారు కానీ అందులో వెండి లేదు. రాగి, జింకు, నికెల్. ఆ రాగి వల్లే చిలుము పడుతుంది. నాలుగు సున్నాల ఉక్కు నూలుతో రుద్దేముందు పికప్‌ను టేపుతో మూసెయ్యాలి, లేకపోతే ఉక్కు పోగులు అయస్కాంతానికి పట్టుకుంటాయి. ఫింగర్‌బోర్డుకు (ఫ్రెట్లు ఉండే చెక్క పలకకు) నిమ్మనూనె పట్టించాక కలప నరాలు తేలాయి. చూపుకు మన దక్షిణాది అడవుల జిట్రేగే, అంటే ఇండియన్ రోజ్‌వుడ్. 1960ల తరువాత బ్రెజిల్ రోజ్‌వుడ్ కొరత వచ్చి గిటార్ల పరిశ్రమ మన చెట్టు వైపు మళ్లింది. ఇక్కడి కలప ఓడెక్కి జపాన్ వెళ్లి, బేస్‌గా మద్రాసు హార్బరుకే తిరిగి వచ్చిందన్న తలపు నాకు చాలా ఇష్టం.

బేస్ ఉండే బీరువాలో సిలికా జెల్ పెట్టాను. తేమ 55కు దిగింది. రంగు మారిన జెల్‌ను సన్నసెగమీద వేడిచేసి మళ్లీ వాడుతున్నాను.

డిసెంబరు

తీగల ఎంపికలోనే నా ఇష్టం చూపించాను. అమెరికా మోటౌన్ సంస్థ రికార్డుల మీద బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ తన 1962 ప్రెసిషన్‌కు లా బెల్లా కంపెనీ ఫ్లాట్‌వౌండ్ (పైన చదునైన లోహపు పట్టీ చుట్టిన) తీగలు వాడేవారు, అంగుళంలో వెయ్యో వంతుల్లో 52 నుంచి 110 మందం. అంత బరువు ఈ మెడకు వద్దు. ఫ్లాట్‌వౌండే, కానీ 45 నుంచి 105 వేశాను. బ్రిడ్జి దగ్గర తీగల కింద ఫోమ్ ముక్క ఒకటి కత్తిరించి పెట్టాను. స్వరం సాగకుండా గుండ్రంగా తాకి ఆగుతుంది. ఇళయరాజా పాటల్లో బేస్ వెనక నిలబడదు, తానే ఇంకో పాట పాడుతుంది. ఆ నడకను నేర్చుకోవడానికి ఈ ధ్వని సరిగ్గా సరిపోయింది. రంగు మళ్లీ వేయించమన్న మిత్రులకు వద్దని చెప్పేశాను.

ఇప్పటి కొలతలు: సందు 0.35, పదిహేడో ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు మంద్ర తీగకు 2.8, సన్న తీగకు 2.4 మిల్లీమీటర్లు. మూడు తీగలకు పన్నెండో ఫ్రెట్ దగ్గర శ్రుతి కుదిరింది. మంద్ర తీగ శ్రుతి ఇంకా కొంచెం ఎక్కువగా పలుకుతోంది, శాడిల్‌ను (బ్రిడ్జిమీద ఆ తీగ ఆనే చిన్న దిమ్మెను) వెనక్కి జరపాలి. దాని స్క్రూ తుప్పుకు బిగుసుకుపోయింది. రోజూ ఒక చుక్క తుప్పు వదిలించే నూనె వేస్తున్నాను. బలం మాత్రం పెట్టను. అది కదిలాక, కోల్‌కతాలో తయారైన రెండో బేస్ మెడ విప్పుతాను.