ఒప్పుకోదగిన తప్పులు

ఆ కాగితం మీద పది ప్రశ్నలుంటాయి. గడిచిన ఏడు రోజుల్లో మనసారా నవ్వగలిగారా, కారణం లేకుండా కంగారు పడ్డారా, నిద్ర పట్టనంత దిగులుగా ఉన్నారా, ఇలాంటివి. ఒక్కో ప్రశ్నకు నాలుగు జవాబులు, సున్నా నుంచి మూడు దాకా మార్కులు, మొత్తం 30. ఎంత తక్కువ వస్తే అంత మంచిది. దాన్ని ఎడిన్‌బరో ప్రసవానంతర కుంగుబాటు కొలమానం అంటారనీ, 1987 నుంచి వాడుకలో ఉందనీ నాకు తర్వాత తెలిసింది. పాపకు ఆరో వారం టీకా వేయించిన రోజు నర్సు అది నా చేతిలో పెట్టి, "నింపి ఇవ్వండమ్మా" అని వెళ్లిపోయింది.

చిన్నప్పటి నుంచీ పరీక్షలు బాగా రాసేదాన్ని. మూడో ప్రశ్నకు వచ్చేసరికి కిటుకు తెలిసిపోయింది. మొదటి రెండింటికీ పైనున్న జవాబు మంచిది. మూడోదానికి అట్టడుగున ఉన్నది మంచిది. నాలుగోదానికి మళ్లీ పైది. చదవకుండా వరసగా టిక్కులు కొట్టేస్తే దొరికిపోతాం. నేను చదివే కొట్టాను. అన్నీ సున్నాలైతే అనుమానం వస్తుందని మూడు నాలుగు చోట్ల కావాలనే ఒక మెట్టు దిగాను. పదో ప్రశ్న దగ్గర మాత్రం పెన్ను కాసేపు ఆగింది. మీకు మీరు హాని చేసుకోవాలన్న ఆలోచన వచ్చిందా అని అడుగుతుంది అది. పక్కన ఎవరూ లేకపోయినా ఎడమ చేత్తో కాగితాన్ని కప్పుకుని, "ఎప్పుడూ లేదు" దగ్గర టిక్కు పెట్టాను.

నాలుగు మార్కులు వచ్చాయి. నర్సు చూసి నవ్వింది. నేనూ నవ్వాను.

నిజం రాస్తే పిల్లను నా దగ్గర ఉంచరేమోనన్న భయం ఒకటి ఉంది. కానీ అంతకంటే చిన్న కారణం, చెప్పుకోవడానికి సిగ్గుపడే కారణం ఇంకొకటి ఉంది. ఆ గదిలో ఇరవై మందిమి తల్లులం ఉన్నాం. వాళ్లందరిలో ఎక్కువ మార్కులు తెచ్చుకున్న తల్లిగా మిగలడం నాకు ఇష్టం లేదు. ప్రపంచం మొత్తం మీద, కొత్తగా ప్రసవించినవాళ్లలో వందకు 13 మందికి ఏదో ఒక మానసిక రుగ్మత, ముఖ్యంగా కుంగుబాటు వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఆ లెక్కన ఆ గదిలో ఇద్దరమో ముగ్గురమో ఉండాలి. ఎవరి కాగితాన్ని వాళ్లు చేత్తో కప్పుకుని కూర్చుని ఉంటాం.

ప్రసవమైన రెండో రోజో మూడో రోజో ఏడుపు మొదలవుతుందనీ, హార్మోన్లు ఒక్కసారిగా పడిపోవడం వల్ల అలా జరుగుతుందనీ, రెండు వారాల్లో అదే సర్దుకుంటుందనీ ముందే చెప్పారు. నాకూ సరిగ్గా అలాగే మొదలైంది. మూడో వారానికి ఏడుపు ఆగింది. ఇంట్లో అందరూ హమ్మయ్య అనుకున్నారు. నాలో ఏడుపుతో పాటు మిగతావన్నీ కూడా ఆగిపోయాయని ఎవరికి తెలుస్తుంది? పాప నిద్రపోయినా నాకు నిద్ర పట్టేది కాదు. పిల్ల పడుకున్నప్పుడే నువ్వూ పడుకోవాలమ్మా అని అమ్మ పోరుపెట్టేది. పడుకునేదాన్ని, కళ్లు మూసుకునేదాన్ని, పిల్ల ఊపిరి లెక్కపెట్టేదాన్ని. ప్రేమ సంగతి అంటారా, పాపను ఎత్తుకుంటే పొరుగింటివాళ్లు కాసేపు చూడమని ఇచ్చి వెళ్లిన బిడ్డను ఎత్తుకున్నట్టుండేది. చాలా జాగ్రత్తగా చూసుకునేదాన్ని. వాళ్లెప్పుడు వచ్చి తీసుకెళ్తారా అని గుమ్మం వైపు చూస్తుండేదాన్ని.

సాయంత్రాలు పార్కులో ఒక బెంచీ దగ్గర ఐదుగురం తల్లులం చేరేవాళ్లం. అక్కడ తప్పులు ఒప్పుకోవడం ఒక ఆట. "నిన్న స్నానం చేయించలేదు తెలుసా" అని ఒకరు. "నేను ఫోను చేతికిచ్చి ముప్పావుగంట పడుకున్నాను" అని మరొకరు. "ఒక కాలికి ఎర్ర సాక్సు, ఇంకో కాలికి తెల్ల సాక్సు వేసి తీసుకొచ్చాను, చూడండి నేనెంత గొప్ప తల్లినో!" అందరం పగలబడి నవ్వేవాళ్లం. నేనూ ఒకటి రెండు తయారుచేసుకుని వెళ్లేదాన్ని. అవి అబద్ధాలు కావు. కానీ వాటన్నిటికీ ఒక పరిమాణం ఉండేది. చెప్పాక ఎదుటివాళ్లు "అయ్యో, మా ఇంట్లోనూ అంతే" అనగలిగేంత తప్పులే అక్కడ చెల్లుబాటయ్యేవి. చెప్పినావిడ నిజానికి మంచి తల్లేనని తేల్చే తప్పులు అవి.

ఒకరోజు, నేను అక్కా అని పిలిచే ఒకావిడ ఆ కొలత తప్పింది. ఆమెకు నాలుగేళ్ల పాప, ఎనిమిది నెలల బాబు. బాబు బండిని కాలితో ఊపుతూ, వాతావరణం గురించి మాట్లాడినంత మామూలుగా, "వీడు పుట్టకపోతే బాగుండేదని ఇప్పటికీ కొన్ని రోజులు అనిపిస్తుంది" అంది.

ఎవరూ నవ్వలేదు. ఒకావిడ వంగి తన కూతురి బూటు తాడు విప్పి మళ్లీ కట్టింది. ఇంకొకావిడ టైము చూసుకుంది. నోరు తెరిచింది నేనే. "పిల్లల్లేక ఎంతమంది ఏడుస్తున్నారో తెలుసా అక్కా? అలా అనకూడదు" అన్నాను. గొంతులో కాస్త బాధ కూడా పలికించాను. ముందురోజు రాత్రి నా మనసులో తిరిగిన మాట సరిగ్గా ఆమె అన్నదే. ఆమె నా వైపు చూసింది. సరేలే అన్నట్టు తల ఊపి బండి తోసుకుంటూ వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆ వేళకు ఆమె పార్కుకు రాలేదు.

ఆ ముందురోజు రాత్రి ఏం జరిగిందో చెప్పాలి. ఒంటిగంట నుంచి పాప ఏడుస్తూనే ఉంది. పాలు పట్టాను, గుడ్డ మార్చాను, భుజాన వేసుకుని తిప్పాను. మూడు దాటాక చేతిలో ఉన్న పాలసీసాను గోడకేసి కొట్టాను. ప్లాస్టిక్ సీసా కాబట్టి ఎగిరొచ్చి నా కాలి దగ్గరే పడింది. మూత ఊడి, గోడ మీద నుంచి పాలు సన్నగా ధార కట్టాయి. ఆ చప్పుడుకు పాప ఒక్క క్షణం ఏడుపు ఆపి నన్ను చూసింది, మళ్లీ అందుకుంది. పాపను ఊయలలో వెల్లకిలా పడుకోబెట్టి, స్నానాలగదిలోకి వెళ్లి తలుపేసుకుని, ఏడుపు వినపడకుండా కుళాయి పూర్తిగా తిప్పి, తడి నేల మీద కూర్చున్నాను. ఫోనులో చూసుకుంటే పదకొండు నిమిషాలు. బయటికి వచ్చేసరికి పాప నిద్రపోయింది. ఆయన అసలు లేవనే లేదు. తెల్లారాక గోడ మీద మరకేమిటని అడిగితే సీసా చేయి జారిందన్నాను.

నాలుగో నెలలో ఒకరోజు ఉతికిన బట్టలు మడతపెడుతూ, "నేను లేకపోయినా మీ ఇద్దరికీ బాగానే గడిచిపోతుంది" అన్నాను. బెదిరింపుగా అనలేదు. ఇంటి లెక్కలు చెబుతున్నట్టు అన్నాను. ఆయన నా చేతిలో గుడ్డ తీసుకుని పక్కన పెట్టారు. ఆ రాత్రి నన్ను ఒంటరిగా వదల్లేదు. మర్నాడు పొద్దున్నే మానసిక వైద్యురాలి దగ్గర ఉన్నాం.

ఆవిడా అదే కాగితం ఇచ్చారు. ఈసారి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. 21 వచ్చాయి. 13, ఆపైన వస్తే కుంగుబాటు ఉండే అవకాశం ఎక్కువట. పదో ప్రశ్నకు "లేదు" తప్ప ఇంకేం రాసినా మొత్తం మార్కులతో పని లేకుండా విడిగా మాట్లాడాలట. విడిగా మాట్లాడారు. చెవిలో మాటలు వినిపిస్తున్నాయా, అసలు నిద్రే అక్కర్లేదనిపిస్తోందా అని అడిగారు. అలా ఉంటే అది వేరే జబ్బనీ, వెయ్యి ప్రసవాల్లో ఒకరికో ఇద్దరికో వస్తుందనీ, క్షణం ఆలస్యం చేయకూడదనీ చెప్పారు. నాకు ఆ లక్షణాలు లేవు. ప్రసవం తర్వాత థైరాయిడ్ దెబ్బతిన్నా ఇలాంటి నీరసం, దిగులు వస్తాయని రక్తపరీక్ష రాశారు. థైరాయిడ్ బాగానే ఉంది, హిమోగ్లోబిన్ కాస్త తక్కువ. కుంగుబాటుకు వాడే సెర్ట్రలిన్ అనే మాత్ర మొదలుపెట్టారు. అది తల్లిపాలలోకి చాలా తక్కువగా వెళ్తుంది కాబట్టి పాలు మాన్పించక్కర్లేదన్నారు. వారానికొకసారి కూర్చుని మాట్లాడాలన్నారు.

మొదటి పదిరోజులూ కడుపులో తిప్పడం తప్ప మరే మార్పూ లేదు. మానేస్తానంటే, మూడు నాలుగు వారాలైనా ఓపిక పట్టమని ఆయన రోజూ గుర్తుచేసి మరీ వేయించారు. నాలుగో వారంలో ఒక మధ్యాహ్నం సాక్సు జత దొరక్క విసుక్కున్నాను. మంచం కింద వెతుకుతూ, పైకి, తిట్టుకుంటూ. సగంలో ఆగిపోయాను. విసుగు! ఎన్నాళ్లయిందో విసుగొచ్చి! అంతకు ముందు నెలల్లో సాక్సు పోతే పోయింది, ఇల్లు పోయినా అంతే. ప్రేమ చాలా ఆలస్యంగా వచ్చింది. పాప ఒకరోజు తుమ్మి, తన తుమ్ముకు తానే ఉలిక్కిపడి, ఎవరు చేశారీ పని అన్నట్టు చుట్టూ చూసింది. నాకు నవ్వాగలేదు. పొరుగింటి బిడ్డను చూసి అంతగా ఎవరూ నవ్వరు.

కుళాయి సంగతి డాక్టరుకు చెప్పడానికి నాకు ఆరు వారాలు పట్టింది. హత్యానేరం ఒప్పుకుంటున్నట్టు చెప్పాను. ఆవిడ, "వెల్లకిలా పడుకోబెట్టారా?" అని అడిగారు. అవునన్నాను. "చేయి దాటిపోతుందనిపించినప్పుడు బిడ్డను భద్రంగా పడుకోబెట్టి కాసేపు అవతలికి వెళ్లమనే మేమూ చెబుతాం. ఏడుపు వల్ల బిడ్డకు ప్రమాదం లేదు. ఎత్తి కుదిపితే ప్రమాదం" అన్నారు. రెండున్నర నెలలు గుండెల్లో మోసిన నేరం వైద్యసలహా అని తేలింది. సీసా గురించి మాత్రం ఆవిడ ఏమీ అనలేదు. నేనూ రెట్టించలేదు.

ఆ సీసా దగ్గరే నాకు ఇప్పటికీ పేచీ. జబ్బు నయమయ్యాక మా బెంచీ దగ్గర అంతా చెప్పాను. ఎంత బాగా విన్నారో! ఒకావిడ చెయ్యి పట్టుకుంది. "నీ తప్పేం లేదు, అదంతా జబ్బు" అన్నారు. ఆ మాట విన్నప్పుడు హాయిగానే ఉంది, కానీ జబ్బుకు పేరు దొరికాక అది కూడా సాక్సుల లాగే ఒప్పుకోదగిన తప్పుల్లో చేరిపోయిందని అర్థమైంది. మరి జబ్బు లేని తప్పుల మాటేమిటి? బాగయ్యాక ఇంకో తొమ్మిది నెలలు వాడి, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించి మాత్ర ఆపేశాను. ఇప్పుడు ఏ మందూ లేదు. పాపకు రెండు నిండాయి. పోయిన నెల బూట్లు వేసుకోనని మారాం చేస్తే జబ్బ పట్టుకుని గుంజాను. అవసరమైన దానికంటే గట్టిగా. తెల్లటి చర్మం మీద నా నాలుగు వేళ్లూ ఎర్రగా తేలాయి. నిమిషంలో పోయాయి గానీ నేను చూశాను, పాపా చూసుకుంది. దాన్ని ఏ జబ్బు ఖాతాలో వేయను? ఎంత అన్యోన్యంగా ఉన్న తల్లీబిడ్డలైనా ఒకరికొకరు శ్రుతి కలిసేది మూడింట ఒక వంతు సమయమేననీ, మిగతాదంతా తప్పడం, మళ్లీ కలుపుకోవడమేననీ ఎడ్వర్డ్ ట్రానిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పసిపిల్లలను గమనించి చెప్పాడని మా డాక్టరు ఒకసారి అన్నారు. నాకు అది ధైర్యమిచ్చే మాటే. ఆ నాలుగు వేళ్లకు మాత్రం దాన్ని వాడుకోను.

బూట్ల గొడవ జరిగిన వారంలోనే అక్క ఇంటికి వెళ్లాను. రెండేళ్లు ఆలస్యంగా. తలుపు తీసి, ఆశ్చర్యపోకుండా, రమ్మంది. దారంతా తయారుచేసుకున్న మాటలు గడప దగ్గరే పోయాయి. డొనాల్డ్ విన్నికాట్ అనే పిల్లల వైద్యుడు, తల్లి తన బిడ్డను ద్వేషించడానికి 18 కారణాలుంటాయని 1949లోనే వరసగా రాసి పెట్టాడట అక్కా, బిడ్డ ఆమెను జీతం లేని పనిమనిషిని చేస్తాడన్నది వాటిలో ఒకటట, అని ఏదో మొదలుపెట్టాను. ఆమె నవ్వి, "పద్దెనిమిదేనా?" అంది. అప్పుడు చెప్పగలిగాను. ఆ రోజు నువ్వన్న మాటే ముందురోజు రాత్రి నేనూ అనుకున్నాను, అందుకే నిన్నలా అన్నాను, అని.

కాసేపు ఊరుకుని, "నువ్వన్నావని కాదు నేను రావడం మానేసింది" అంది. "నువ్వు ఏదో ఒకటి అన్నావు. మిగతావాళ్లు బూట్లు కట్టుకుంటూ కూర్చున్నారు."

క్షమించానని అనలేదు. మా పాప, వాళ్ల బాబు బొమ్మల కోసం కొట్లాడుకుంటుంటే చూస్తూ కూర్చున్నాం. ఉన్నట్టుండి, "ఒక అరగంట వీడిని చూస్తావా? రాత్రి నిద్రలేదు" అని అడిగింది. సరేననేలోపే లోపలికి వెళ్లి తలుపేసుకుంది. ఐదు నిమిషాలకు బాబు అమ్మ కావాలని మొదలుపెట్టాడు. తలుపు దగ్గరికి పరుగెత్తి రెండు చేతులతో బాదాడు. ఎత్తుకుంటే తన్నాడు. కిటికీలోంచి వీధి చూపించాను, బొమ్మలిచ్చాను, పాడాను, ఒకసారి కసిరాను కూడా. వాడిని చూసి మా పాపా అందుకుంది. తలుపు తట్టలేదు.

గంటన్నర తర్వాత తలుపు తెరుచుకుంది. చెంప మీద దిండు మడతల గీతలు అచ్చు పడి ఉన్నాయి.

"ఏడ్చాడా?" అని అడిగింది.

"ఏడ్చాడు" అన్నాను. "చాలాసేపు. ఒకసారి కసిరాను."