బకెట్ నిండటానికి 52 సెకన్లు

పొద్దున్నే చేతులు కొంకర్లు పోతుంటే ఊట దగ్గర నిలబడి ఫోన్‌లో స్టాప్‌వాచ్ పట్టుకున్నా. ఈ నెల నా వంతు. ఈ ఊట మీద బతికే 34 ఇళ్ళ వాళ్ళం వంతులేసుకుని నెలకోసారి దాన్ని కొలుస్తాం, కొలవటం అంటే పెద్ద మిషన్లేం ఉండవు, పది లీటర్ల బకెట్ గొట్టం కింద పెట్టి ఎన్ని సెకన్లకి నిండిందో చూడటమే. మూడుసార్లు పట్టి సగటు రాయాలి, ఒక్కసారి చూసింది నమ్మొద్దని పెద్దమ్మ రూలు. పెద్దమ్మ అంటే నాకు చుట్టమేం కాదు, ఊట పక్కింటావిడ, కొండ మీద అందరికీ పెద్దమ్మే.

52 సెకన్లు. పోయిన నెల 38.

"నీ ఫోన్ సరిగ్గానే ఉందా?" అంది. మళ్ళీ పట్టాం. 51. ఇంకోసారి, 53. ఆవిడ ఇంకేం మాట్లాడకుండా నోట్‌బుక్ తీసి పోయిన ఏడాది ఇదే నెల పేజీ తిప్పి చూపించింది, అక్కడ 41 అని ఉంది. ఎండలు ముదిరాక తగ్గటం మామూలే గానీ ఎండలింకా మొదలే కాలేదు కదా.

లెక్కేస్తే నిమిషానికి పదకొండున్నర లీటర్లు, రోజుకి 16 వేల చిల్లర. ఇంటికి 480 దాకా వస్తాయి, వినటానికి బానే ఉంది, కానీ మా ట్యాంకు పట్టేది 5 వేలే, అది నిండాక వచ్చేదంతా పొర్లి కిందకి పోవటమే. రాత్రి పదికి ఇళ్ళకెళ్ళే వాల్వ్ కట్టేస్తే ఖాళీ ట్యాంకు పోయిన నెల మూడున్నర లోపే నిండేది, ఈ లెక్కన ఇప్పుడు అయిదు దాటాలి. ఆ టైముకే అందరూ కుళాయి తిప్పుతారు. పైగా పొర్లిన నీళ్ళు వృథా అని మేమనుకుంటాం గానీ కింద తోటల వాళ్ళు వాటి మీదే ఆధారపడ్డారు, మనం పెద్ద ట్యాంకు కట్టేసుకుంటే వాళ్ళకి ఎండే. ఈ మాట మీటింగ్‌లో అన్న ప్రతిసారీ నన్ను అదోలా చూస్తారు.

తిరిగొస్తూ మెట్లదారి పక్కన కంపోస్ట్ తొట్టి చూసుకున్నా, ఎందుకంటే దాని పనీ ఈ నెల నాదే (వంతులేసిన మహానుభావుడెవరో గానీ). ఇనప చువ్వ మధ్యలో గుచ్చి అయిదు నిమిషాలాగి తీసి పట్టుకుంటే చెయ్యి చురుక్కుమనాలి. లోపల 55 డిగ్రీలు దాటితేనే కలుపు గింజలు, పురుగుల గుడ్లు చస్తాయి. ఇవాళ చువ్వ చల్లగా జిగటగా వచ్చింది, కంపు కూడా. అంతా తడి చెత్తే, ఎండుటాకులు లేవు. గాలాడక కుళ్ళిపోతోందన్నమాట. చలి ఊళ్ళో చిన్న కుప్ప అసలే వేడి నిలుపుకోలేదు, నిలువూ అడ్డమూ ఎత్తూ తలా ఒక మీటరైనా ఉండాలి, మేం ఆకులు లేకుండా సగం తొట్టి నింపి పండగ చేసుకుంటున్నాం.

ఆకులెక్కడికి పోయాయో నిన్న సాయంత్రమే చూశా. పై వరసలో ఊడ్చి తగలబెట్టారు. చలికాలం పొద్దుగూకాక చల్లగాలి వాలు మీదుగా కిందకి జారి లోయలో మడుగు కడుతుంది కదా, దాని మీద వెచ్చటి గాలి మూత పెట్టినట్టు కూర్చుంటే ఆ పొగ ఎటూ పోదు. అగ్గిపుల్ల గీసేది పైన, రాత్రంతా దగ్గేది కింద. మధ్యాహ్నం రెండు ఖాళీ గోతాలు తీసుకెళ్ళి పై వరస అన్నని "తగలబెట్టొద్దన్నా, నింపి పెట్టు, నేనే మోసుకెళ్తా" అన్నా. నవ్వి సరేనన్నాడు. మోయాల్సింది నేనే కాబట్టి నవ్వక ఏం చేస్తాడు.

అక్కడి నుంచే కనిపించింది, కొత్తగా సిమెంట్ చేసిన పార్కింగ్. ఇంకేముంది, మా ఊటని చంపింది ఇదే అని మనసులోనే తీర్పు ఇచ్చేశా. ఊట నీళ్ళు ఊట దగ్గర పుట్టేవి కావు, పైన ఎక్కడో నేల తాగిన వాన రాళ్ళ సందుల్లో దిగి నెలలకో ఏళ్ళకో బయటపడతాయి, పైన నేల మూసేస్తే వాన కాలవలో పడి పరిగెత్తేస్తుంది. అన్నీ సిమెంట్ వల్లే అనటానికి లేదు, ఈసారి వానలూ అంతంతమాత్రమే. సాయంత్రం పెద్దమ్మతో ఈ పార్కింగ్ సంగతి కాస్త గట్టిగానే చెప్తుంటే ఆవిడ అంతా విని, "మీ పెరడు ఊటకి పైనుందా, కిందుందా?" అంది.

పైనే. రెండేళ్ళ కింద చెప్పులకి బురద అంటుతోందని నేనే సిమెంట్ పోయించా.

ఆవిడ దగ్గరే గునపం అడిగి తెచ్చుకున్నా. కందకం తవ్వేద్దామన్న ఆవేశం వచ్చింది గానీ ఎక్కడపడితే అక్కడ తవ్వి నీళ్ళు నిలబెడితే ఏటవాలు నానిపోయి జారే ప్రమాదం ఉంది, అది తెలిసినవాళ్ళు చూసి చెప్పాల్సిన పని. అందుకని గేటు దగ్గర, కాస్త చదునుగా ఉన్నచోట రెండడుగుల ముక్క పగలగొట్టా. గంట పట్టింది. కింద మట్టి బూడిద రంగులో గట్టిగా అట్టకట్టి ఉంది, ఒక్క వానపాము లేదు, చెంబుడు నీళ్ళు పోస్తే చాలాసేపు అలాగే నిలబడి ఆకాశం చూపించింది, తర్వాత ఓ మూల చిన్న బుడగ వచ్చింది.

నడుం పట్టేసింది. మిగతాది ఆదివారం చూడాలి. బకెట్ చెవి కూడా ఊడింది, పెద్దమ్మ అడిగేలోపు తీగ చుట్టి పెట్టాలి.