కత్తెర దించి చాకు పట్టి

అమెరికాలోని ఒహైయో రాష్ట్రం, కొలంబస్‌లో మా అబ్బాయి దగ్గరున్న మూడు నెలల్లో నేను అడిగి మరీ రెండోసారి వెళ్లిన చోటు ఒక్కటే, బ్రాడ్ స్ట్రీట్‌లోని ఆర్ట్ మ్యూజియం. "మళ్లీ అక్కడికేనా నాన్నా?" అన్నాడు వాడు. అవున్రా, ఎలైజా పియర్స్ కోసం.

ఆయన బార్బర్. 1892లో మిసిసిపీలోని బాల్డ్విన్ దగ్గర పుట్టాడు. తండ్రి ఒకప్పుడు బానిసగా బతికినవాడు. కొలంబస్‌లో స్థిరపడ్డాక, 1920లలో, భార్య కొర్నీలియా పుట్టినరోజుకి ఓ చిన్న చెక్క ఏనుగు చేసిచ్చాడట. ఆవిడ మురిసిపోతే, నచ్చిందా, అయితే జూ మొత్తం చేసిపెడతానన్నాడట. ఇక చాకు ఆగలేదు. తర్వాత లాంగ్ స్ట్రీట్‌లో సొంత షాపు పెట్టాడు. కుర్చీ ఖాళీగా ఉంటే చాకు, మనిషొస్తే కత్తెర.

'క్రూసిఫిక్షన్' ముందు చాలాసేపు నిలబడిపోయాను. సిలువ చుట్టూ చిట్టి చిట్టి మనుషులు. ఒక్కొక్కరినీ విడిగా చెక్కి, రంగులేసి బోర్డు మీద బిగించాడు. పక్కకి వంగి చూస్తే రంగుల మధ్య గ్లిటర్ తళుక్కుమంది. మాది ఇబ్రహీంపట్నం. పక్కనే ఉన్న కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో కాళ్లూ చేతులూ విడిగా చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికించడం చూస్తూ పెరిగాను. అందుకేనేమో, ఆ బొమ్మలు నాకు పరాయివనిపించలేదు. కాకపోతే కొండపల్లిలో ఆ పని తాతల నాటి నుంచీ ఇంట్లోనే ఉంటుంది. ఈయన శిల్పకళ బడి గడపైనా తొక్కలేదు.

ఇంకొకటి 'ఒబే గాడ్ అండ్ లివ్', అంటే దేవుడి మాట విను, బతుకు అని. 1956లో, 64 ఏళ్ల వయసులో చెక్కింది. కుర్రవాడిగా ఉన్నప్పుడు బైబిల్ చదవాల్సిన వేళ సియర్స్ కంపెనీ వస్తువుల కేటలాగ్ చేతికి తీసుకున్నాడట. తలమీద ఎవరో చెయ్యి వేసినట్టయి కుప్పకూలిపోతే ఇంట్లోవాళ్లు చనిపోయాడనే అనుకున్నారట. అంత పాత భయాన్ని అన్నేళ్లు మనసులో మోసి, చివరికి చెక్కలోకి దించాడు.

బయటి లోకం ఆయన్ని గుర్తించేసరికి ఎనభై ఏళ్లు దగ్గరపడ్డాయి. 1982లో అమెరికా ప్రభుత్వ సంస్థ, జానపద కళాకారులకిచ్చే నేషనల్ హెరిటేజ్ ఫెలోషిప్ ఇచ్చింది. అప్పటికి తొంభై. 1984లో పోయాడు. ఇంత ఆలస్యమెందుకైందన్న బాధ నాకు అక్కడున్నంతసేపూ పోలేదు. ఆయన మాత్రం ఎవరికోసమూ ఆగలేదు. ఆ పేరు రావడానికి ఎన్నో ఏళ్ల ముందే, చెక్కినవి తీసుకుని భార్యాభర్తలిద్దరూ చర్చిలకీ, సంతలకీ తిరిగారు. ఏ బొమ్మలో ఏ కథుందో ఆయనే విప్పి చెప్పేవాడు.

మ్యూజియం నుంచి లాంగ్ స్ట్రీట్ దగ్గరే. సాయంత్రం నేనూ మా ఆవిడా నడుచుకుంటూ వెళ్లాం. దారిలో ఏనుగు సంగతి చెప్పాను. "ఆ పేరంతా ఆవిడ చూసిందా?" అని అడిగింది.

చూడలేదు. కొర్నీలియా 1948లోనే పోయింది.

మా ఆవిడ ఇంకేమీ అడగలేదు. ఆ వీధి చివరిదాకా నా చెయ్యి పట్టుకునే నడిచింది.