ఓవర్టన్ దారిలో చలవ మిరియాల జిన్

లండన్‌లో ఎండ ముప్పై డిగ్రీలకు చేరితే చాలు, పబ్బుల ముందు ఫుట్‌పాత్ నిండా జిన్ గ్లాసులే. వాటిలో సగం చేజేతులా పాడుచేసినవి. వాటర్లూ దగ్గర ఒక పబ్బులో నా ముందుకొచ్చిన గ్లాసే చెప్తా: 25 మిల్లీల జిన్, రెండంటే రెండు ఐస్ ముక్కలు, గోరువెచ్చటి టానిక్ (జిన్‌లో కలిపే చేదు సోడా), పొద్దునెప్పుడో కోసి ఉంచిన నిమ్మ చక్రం. మన చిన్న పెగ్గే 30. ఇక్కడి చట్టం ప్రకారం 25 గానీ 35 గానీ, లేదా వాటి రెట్టింపులు గానీ పోయాలి, ఏ కొలత వాడుతున్నారో బోర్డు పెట్టాలి. ధరలు పోల్చేముందు ఆ బోర్డు చదవండి. 25కీ 35కీ తేడా అంటే నలభై శాతం సరుకు.

ఆ కోపంతోనే సాల్స్‌బరీ లైన్ రైలెక్కి, గంట ప్రయాణం తర్వాత ఓవర్టన్ అనే ఊళ్ళో దిగడం. అక్కడి నుంచి లావర్‌స్టోక్ మిల్లుకు బేసింగ్‌స్టోక్–ఆండోవర్ బస్సుంది. దానికోసం కాచుకునే ఓపిక లేకపోతే నడకే, ముప్పావుగంట లెక్కేసుకోండి. బాంబే సఫైర్ జిన్ కాచేది అక్కడే. 2014లో జనానికి తెరిచారు. అంతకుముందు అది కాగితం మిల్లు, ఇంగ్లండ్ నోట్లకు కాగితం చేసిన పోర్టల్ కుటుంబానిది. మన దేశంలో మొదట వచ్చిన విక్టోరియా బొమ్మ రూపాయి నోట్ల కాగితం కూడా ఈ మిల్లుదే. ఆవరణ మధ్యలోంచి టెస్ట్ నది పారుతుంటుంది, నీళ్ళు అడుగు రాళ్ళు కనపడేంత తేట. ఒడ్డున రెండు గాజు ఇళ్ళు, నీళ్ళలోకి జారుతున్నట్టు వంపు తిరిగి ఉంటాయి. బట్టీల నుంచి మిగిలిన వేడినే వాటిలోకి పంపి, ఒకదాంట్లో ఉష్ణమండలం మొక్కలు, ఇంకోదాంట్లో మధ్యధరా మొక్కలు పెంచుతున్నారు. ఫొటోలకు బాగుంటాయి గానీ, టికెట్టు డబ్బు గిట్టేది మాత్రం దినుసుల గదిలో.

ఆ గది మన ఆయుర్వేదం కొట్టుకు చుట్టమే. ధనియాలు, అతిమధురం, బాదం, నిమ్మ తొక్క, దాల్చినచెక్కకు తోబుట్టువైన కాసియా చెక్క. మనకు పేర్లు లేనివి రెండు, యాంజెలికా వేరు, ఐరిస్ దుంప. ఏలకుల కుటుంబానికే చెందిన, మిరియంలా ఘాటుగా ఉండే పశ్చిమాఫ్రికా గింజలు. జునిపర్ అనే పొద కాయ ఎలాగూ ఉంటుంది, అది లేనిదే జిన్ కాదు. పదోది చలవ మిరియాలు. జావా నుంచి వస్తాయి. ప్రతి గింజకూ చిన్న తోక. గోటితో నలిపితే మొదట మిరియం, వెనకాలే కర్పూరం లాంటి చల్లదనం. వేసవికి ఈ జిన్‌ను ముందు చెప్పడానికి నాకు ఆ గింజే సగం కారణం.

మిగతా సగం బట్టీలో ఉంది. ఇక్కడ దినుసుల్ని సారాలో నానబెట్టరు. చిల్లుల రాగి బుట్టల్లో పైన పెడతారు, కింది నుంచి ఆవిరి వాటి మధ్యగా వెళ్తూ తేలికైన నూనెల్నే పట్టుకుపోతుంది. అందుకే వాసన పలచగా, పూలవైపు ఉంటుంది. లండన్ కెన్నింగ్టన్‌లో కాచే బీఫీటర్‌ది దీనికి పూర్తిగా ఎదురు పద్ధతి: తొమ్మిది దినుసుల్నీ ఇరవైనాలుగు గంటలు నానబెట్టి అప్పుడు కాస్తారు. జునిపర్, నారింజ తొక్క గట్టిగా దిగుతాయి.

గ్లాసులో ఏది ఎంత నీటికి ఆగుతుందో దీన్నిబట్టే తెలుస్తుంది. బాంబే సఫైర్‌కి టానిక్ రెండింతలు చాలు. మూడింతలు దాటితే చలవ మిరియాల జాడ కూడా మిగలదు. బీఫీటర్‌ని టామ్ కాలిన్స్ అనే కాక్‌టెయిల్‌కి ఉంచుకోండి: జిన్ 50 మిల్లీలు, నిమ్మరసం 25, చక్కెర, నీళ్ళు సమపాళ్ళలో కలిపిన పాకం 20, పైన సోడా 100. పులుపూ తీపీ కలిసినా దాని జునిపర్ నిలబడుతుంది. టాంకరేలో దినుసులు నాలుగే, అయినా గట్టిపిండం. ఐస్ కరిగిపోయే ఎండలో, ఆరుబయట కూర్చునేవాళ్ళకు అదే సరి, టానిక్ మూడింతలు పోసినా ఫరవాలేదు. హెండ్రిక్స్‌లో కాచిన తర్వాత కీరా, గులాబీ ఎసెన్సులు కలుపుతారు. కాచాక ఏ రుచీ కలపకూడని లండన్ డ్రై కోవలోకి అది రాకపోవడం అందుకే. దాంట్లో నిమ్మ పిండితే గులాబీ పోయినట్టే, రెండు కీరా చక్రాలు వేసి ఊరుకోవాలి. ప్లిమత్ జిన్ మొక్కల వేర్ల వాసనతో కాస్త మెత్తగా ఉంటుంది. టానిక్ చేదు నచ్చనివాళ్ళు సోడాతో తాగొచ్చు. నేవీ స్ట్రెంగ్త్ అని 57 శాతంతో దొరికేవి మాత్రం ఎండలో వద్దు.

ఇక గ్లాసు సంగతి. ఐస్ అంచుదాకా నింపాలి. ఎక్కువ వేస్తే పలచబడుతుందని భయపడి తక్కువ వేస్తారు, జరిగేది దానికి రివర్సు. రెండు ముక్కలకు గ్లాసంతా చల్లబరిచే శక్తి ఉండదు, ఆ ప్రయత్నంలోనే కరిగి నీళ్ళవుతాయి. ఐస్ అడుగున చేరిన నీళ్ళు వంపేశాకే జిన్ పోయాలి. టానిక్ ఫ్రిజ్‌లోంచి తీసిందై ఉండాలి, ద్రవం వెచ్చబడితే గ్యాసు నిలవదు. లీటరు సీసా నిన్న తెరిచిందైతే దాని పని అయిపోయినట్టే, అందుకే చిన్న సీసాలు కొనండి. గ్లాసు వాల్చి అంచు వెంబడి మెల్లిగా పోసి, స్పూను అడుక్కి దించి ఒక్కసారి పైకెత్తితే చాలు. గిరగిరా తిప్పితే బుడగలు పోతాయి. నిమ్మ తొక్కని గ్లాసు మీద మెలిపెడితే సన్నటి నూనె తుంపర పడుతుంది, వాసనకి అది చాలు. నీళ్ళో టానికో పోశాక జిన్ కొంచెం పాలలా మబ్బుకట్టిందా, పాడైందనుకోకండి. దినుసుల నూనెలు ఎక్కువున్న జిన్‌లో ఆల్కహాలు శాతం పడిపోగానే అవి కరగలేక బయటపడతాయి, అంతే.

ఓవర్టన్‌లో తిరుగు రైలు గంటకొకటి, తప్పితే ప్లాట్‌ఫాం మీద బెంచీయే గతి. సీసా కొనేముందు లేబుల్ మీద శాతం చూడండి. బ్రిటన్‌లో అమ్మే బాంబే సఫైర్ 40, కొన్ని దేశాల్లో అదే నీలం సీసా 47. ఇంటికి తెచ్చుకునేవాళ్ళకు ఇంకో లెక్కుంది. మన కస్టమ్స్ సుంకం లేకుండా వదిలేది రెండు లీటర్లు, ఇక్కడి సీసా 70 సెంటీలీటర్లు. రెండు తెస్తే 1.4. మూడోది పెట్టెలో దూర్చారా, 2.1.