ఆదరణ కూడికలో ఏమని ప్రార్థించాలి?

భూస్థాపన అయిపోతుంది. రెండు మూడు రోజులకో వారానికో ఇంటి ముందు షామియానా వేసి ఆదరణ కూడిక పెడతారు. రెండు పాటలయ్యాక అయ్యగారు చుట్టూ చూసి, "బాబూ, నువ్వొక చిన్న ప్రార్థన చెయ్యి" అంటారు. ఏళ్ల తరబడి గుడికి వస్తున్నవాళ్లకి కూడా అక్కడ నోరు పెగలదు. పెగిలినా అరిగిపోయిన మాటలే వస్తాయి. "ప్రభువా, నీ తోటకి ఈ పువ్వు కావలసి వచ్చి కోసుకున్నావు." "ఈ బిడ్డలు ఏడవకుండా చెయ్యి తండ్రీ." "మంచివాళ్లని నువ్వు ముందే తీసుకెళ్తావు." అనేవాళ్లు ప్రేమతోనే అంటారు. కానీ పదేళ్ల కూతురు ఆ ముందు వరసలో కూర్చుని వింటోందని ఒక్కసారి గుర్తు చేసుకోండి. వాళ్లమ్మని కోసుకుపోయిన దేవుడితో ఆ పిల్ల ఆ రాత్రి ఏం మాట్లాడుతుంది?

దేవుడు తన తోట కోసం పువ్వు కోసుకోవడమే మరణమని బైబిలు ఎక్కడా చెప్పలేదు. పౌలు దాన్ని శత్రువన్నాడు: "కడపట నశింపజేయబడు శత్రువు మరణము" (1 కొరింథీ 15:26). పునరుత్థాన నిరీక్షణ అంతా ఈ మాట మీదే నిలబడి ఉంది. చావు మంచిదే అయితే క్రీస్తు దాన్ని గెలవాల్సిన పని ఏముంది? అందుకే మరణాన్ని మెత్తటి మాటలతో కప్పే ప్రార్థన పునరుత్థానాన్ని కూడా తెలియకుండానే చిన్నది చేస్తుంది.

ప్రార్థన నేర్చుకోవడానికి యోహాను 11 కన్నా మంచి బడి లేదని నా అభిప్రాయం. లాజరు జబ్బుపడ్డాడని కబురు అందాక కూడా యేసు ఉన్నచోటనే రెండు రోజులు ఆగాడు. ఆయన బేతనియ చేరేసరికి లాజరు సమాధిలో నాలుగు రోజులుగా ఉన్నాడు. మార్త ఎదురొచ్చి, "ప్రభువా, నీవిక్కడ ఉండినయెడల నా సహోదరుడు చావకుండును" అంది. కాసేపటికి మరియ వచ్చి ఆయన పాదాల మీద పడి అదే మాట అంది. మాటలు ఒకటే, జవాబులు మాత్రం వేరు. మార్తకి, "పునరుత్థానమును జీవమును నేనే" అని చెప్పాడు. మరియతో ఆ మాట అనలేదు, సమాధి ఎక్కడని అడిగాడు, కన్నీళ్లు విడిచాడు. కొద్దిసేపట్లో లాజరును లేపబోతున్నానని తెలిసీ ఏడ్చాడు. ఒక ఇంట్లో ఒకరికి వాక్యం కావాలి, పక్కనున్నవాళ్లకి మన మౌనం కావాలి. ప్రార్థించడానికి లేచేముందు ఆ ఇంటివాళ్ల ముఖాలు చూడమనేది ఇందుకే. ఇంకొకటి: ఆ అక్కచెల్లెళ్లిద్దరి మాటా నిష్ఠూరమే, ఆయన ఇద్దరిలో ఎవర్నీ తప్పు పట్టలేదు. "ఎందుకు రాలేదు ప్రభూ" అనడం కూడా ప్రార్థనే.

దీనికి వ్యతిరేకమైన పాఠం, పిల్లల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న యోబు దగ్గరికొచ్చిన స్నేహితులది. ఆ ముగ్గురూ వచ్చి ఏడు రాత్రింబగళ్లు నేల మీద కూర్చుని ఒక్క మాట మాట్లాడలేదు. వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే, నోరు తెరిచాక అంతా చెడింది. మన కూడికల్లో తరచుగా వినపడే "యెహోవా ఇచ్చెను, యెహోవా తీసికొని పోయెను" అన్న మాట యోబు తన నష్టం గురించి తానే అన్నది. ఆ మాట దుఃఖంలో ఉన్నవాళ్లు తమంతట తాము అంటే విశ్వాసం, పక్కింటివాళ్లు వాళ్ల తరఫున అంటే తొందరపాటు. అదే యోబు మూడో అధ్యాయంలో తాను పుట్టిన రోజునే శపించాడు, ఆ అధ్యాయం కూడికల్లో ఎవరూ చదవరు.

ఇక నిరీక్షణ సంగతి. "ఆత్మ పరలోకానికి వెళ్లిపోయింది" అని చెప్పి ఆపేస్తే సగమే చెప్పినట్టు. క్రీస్తుతో ఉండడం మేలని పౌలే అన్నాడు (ఫిలిప్పీ 1:23), కాబట్టి ఆ సగం నిజమే. కానీ అపొస్తలుల విశ్వాస ప్రమాణంలో మనం పలికేది శరీర పునరుత్థానం. లేచిన యేసు శిష్యులు ఇచ్చిన కాల్చిన చేప ముక్క తిన్నాడు, చేతుల్లో గాయాలు చూపించాడు. ఆయన "ప్రథమఫలము" అంటే కోతలో మొదటి పన. అది ఇంటికి వస్తే మిగతా పొలమూ వస్తుంది. కాబట్టి మంచం మీద చిక్కిపోయిన ఆ శరీరం, ఇన్నేళ్లు ఈ ఇంటికి వండి పెట్టిన ఆ చేతులు కూడా దేవుని లెక్కలో ఉన్నాయి. ప్రార్థనలో ఈ మాట రావాలి. చనిపోయినవారు ఇప్పుడు ఏ స్థితిలో ఉన్నారు, నిద్రలోనా మెలకువలోనా అన్న చర్చ సంఘానికొక తీరుగా ఉంటుంది, దాన్ని షామియానా కింద తేల్చనక్కర్లేదు. కతోలికులు చనిపోయినవారి ఆత్మశాంతి కోసం ప్రార్థిస్తారు, ప్రొటెస్టెంటు సంఘాలు చాలావరకు చెయ్యవు. రెండు వైపుల బంధువులూ ఉన్న ఇంట్లో బతికున్నవాళ్ల కోసం అడగడం, లేపే దేవుణ్ణి స్తుతించడం అందరూ ఆమెన్ అనగలిగినవి.

ప్రార్థన ఎంతసేపు? రెండు నిమిషాలు దాటొద్దు. మొదట దేవుణ్ణి ఆయన చేసిన పనిని బట్టి పిలవండి. "యేసును మృతులలోనుండి లేపిన తండ్రీ" అని మొదలుపెడితే నిరీక్షణ మొదటి మాటలోనే వచ్చేస్తుంది. ఆ తరవాత పోయినవారి పేరు చెప్పి, వారి గురించి నిజమైన సంగతి ఒక్కటి చెప్పి స్తోత్రం చెల్లించండి. లేనిపోని గొప్పలొద్దు, పక్కింటివాళ్లందరికీ నిజం తెలుసు. తరవాత నష్టాన్ని నష్టమని చెప్పండి. అక్కణ్ణించి వాగ్దానానికి రండి, ఒక్క వాక్యం చాలు. చివర బతికున్నవాళ్లకి ఈ వారం ఏం కావాలో అడగండి. "ఆదరణ దయచేయుము" అనడం తేలిక. ఎవరికి, ఏ విషయంలో అన్నది చెప్పాలంటే ముందు ఆ ఇంట్లోవాళ్లతో పది నిమిషాలు కూర్చోవాలి. ఉదాహరణకి ఇలా:

"యేసును మృతులలోనుండి లేపిన తండ్రీ, ఈ ఇంటివాళ్లతో కలిసి నీ ముందుకొచ్చాం. ఈ తల్లిని మాకిచ్చినందుకు స్తోత్రం. ఈ వీధిలో జ్వరం వచ్చిన ప్రతి ఇంటికీ ఆమె చేతి జావ వెళ్లింది. ఈ రోజు ఆమె లేదు. మాకు బాధగా ఉంది తండ్రీ, ఎందుకిలా జరిగిందో మాకు తెలియదు. లాజరు సమాధి దగ్గర నీ కుమారుడు కన్నీళ్లు విడిచాడు, మా ఏడుపు నీకు కొత్త కాదు. లాజరును పేరు పెట్టి పిలిచిన ఆ స్వరమే ఒకరోజు ఈమెనూ పేరు పెట్టి లేపుతుందని నమ్ముతున్నాం. అంతవరకు బాబాయిగారికి రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వు. పిల్లవాడి పరీక్షలు దగ్గరికొచ్చాయి, పుస్తకం ముందు కూర్చునే బలం ఇవ్వు. మేమంతా వెళ్లిపోయాక ఈ ఇంటిని మేము మరిచిపోకుండా చెయ్యి. యేసు నామంలో అడుగుతున్నాం, ఆమెన్."

నిదానంగా చదివినా ఇది రెండు నిమిషాలు పట్టదు. "ఈ తల్లి" అన్నచోట పేరు పెట్టండి.

ఎక్కడ చెడుతుందో కూడా చెప్పుకోవాలి. అన్నిటికన్నా ఎక్కువగా జరిగేది కళ్లు మూసుకుని ప్రసంగం చెయ్యడం. "ప్రభువా, ఆయన పద్దెనిమిదో తారీఖు ఉదయం ఆసుపత్రిలో చేరారు కదా" అని దేవుడికి తెలిసిన వార్తలు చెబుతున్నామంటే, నిజానికి మాట్లాడుతున్నది జనంతో. అంతకన్నా చెడ్డది, ఆ చావును చూపించి వేరే మతం బంధువులకి హెచ్చరికలు ప్రార్థనలో దూర్చడం. ఆ ఇంటి దుఃఖాన్ని మన మైకుగా వాడుకోకూడదు. పోయినవారు రక్షించబడ్డారా లేదా అన్న తీర్పు మన చేతిలో లేదు, సందేహం ఉన్నచోట దేవుని కనికరం పేరెత్తి ఊరుకోండి. ఆత్మహత్య, రోడ్డు ప్రమాదం, పసిబిడ్డ మరణం జరిగిన ఇంట్లో కారణాలు చెప్పకండి, "ఇందులో ఏదో మేలు ఉంది" అనకండి. "త్వరలో ఈ దుఃఖమంతా తీసేస్తాడు" అని గడువు పెట్టకండి. ఇంటి అప్పులు, ఆస్తి గొడవలు మీకు తెలిసినా పదిమంది ముందు పైకి అనొద్దు, అవి మీ గదిలో చేసే ప్రార్థనకి. మాట మాటకీ "ప్రభువా" అనడం చాలామందికి అలవాటు. ఆ మాట దగ్గర ఒక ఊపిరి తీసుకుని ఆగితే మానుతుంది.

ఏడుపు వస్తే? ఆగండి, తుడుచుకోండి, మళ్లీ మొదలుపెట్టండి. మాట రాకపోతే పరలోక ప్రార్థన ఎత్తుకోండి, అందరూ అందుకుంటారు. ఉచ్చరింపశక్యముకాని మూలుగులతో ఆత్మే మన పక్షాన విజ్ఞాపన చేస్తున్నాడని రోమా 8:26 అంటుంది కదా.

అసలు ఈ రెండు నిమిషాల ప్రార్థన ఆ షామియానా కింద నేర్చుకునేది కాదు. మామూలు రోజుల్లో నేర్చుకోవాలి. దానికి ఈస్టరు నుంచి పెంతెకొస్తు వరకు ఉండే యాభై రోజులు చక్కటి కాలం. శ్రమల దినాల్లో నలభై రోజులు కూడికలు, ఉపవాసాలు అంటూ కష్టపడి, పండుగ మర్నాటి నుంచి అన్నీ వదిలేస్తాం. ఆది సంఘం ఈ యాభై రోజుల్నీ ఆనంద దినాలుగా ఎంచింది. 325లో బిషప్పులు కూడిన నీకయ సభ తన 20వ నియమంలో ఆదివారాల్లోను, పెంతెకొస్తు దినాల్లోను మోకాళ్లూనకుండా నిలబడి ప్రార్థించాలని చెప్పింది. పునరుత్థానానికి ఒళ్లు కూడా సాక్ష్యం చెప్పాలన్నమాట. మోకాళ్ల ప్రార్థనే అసలైన ప్రార్థన అనుకునే మనకి ఇది వింతగా ఉంటుంది, అయినా ఒక్క ఏడాది చేసి చూడండి. నిలబడితే నిద్ర రాదన్న లాభం ఎలాగూ ఉంది.

రోజుకి పదిహేను నిమిషాలు చాలు. ఒక కీర్తన పైకి చదవండి, పైకే. పదమూడో కీర్తనతో మొదలుపెట్టొచ్చు, ఆరే వచనాలు. మొదటి రెండు నిష్ఠూరం, తరవాతి రెండు విన్నపం, చివరి రెండు నమ్మకం. ఆదరణ ప్రార్థనకి కావలసిన నడక అంతా అందులో ఉంది. వారం రోజులు అదే చదివి, ప్రతి జంటనీ మీ మాటల్లో ఒక్కో వాక్యంగా చెప్పండి. రెండో వారం పదహారో కీర్తన తీసుకోండి. పెంతెకొస్తు రోజున పేతురు పునరుత్థానం గురించి చెప్పడానికి ఎత్తింది అదే. ఆ తరవాత ధైర్యం చేసి 88 చదవండి. ఆ కీర్తన చీకట్లోనే ముగుస్తుంది, చివర స్తోత్రం ఉండదు. అలాంటి ప్రార్థన కూడా పరిశుద్ధ గ్రంథంలో ఉందని తెలిసినవాళ్లు ఏడ్చే మనిషిని "స్తోత్రం చెప్పమ్మా" అని తొందరపెట్టరు.

దాని వెనక పరలోక ప్రార్థన. శిష్యులు "మాకును ప్రార్థనచేయ నేర్పుము" అని అడిగితే యేసు ఇచ్చింది ఇదే. దిదఖే అనే తొలినాటి సంఘ గ్రంథం రోజుకి మూడుసార్లు దీన్ని చెప్పమంది. మనం ఆరాధన చివర గుక్క తిప్పుకోకుండా చదివేస్తాం. రోజుకొక్క విన్నపం దగ్గర ఆగండి. "నీ రాజ్యము వచ్చుగాక" అన్న రోజున ఈ ఏడాది మీ సంఘంలో పోయినవాళ్లని పేరుపేరునా తలుచుకుని, ఆ రాజ్యంలో వాళ్లని లేపమని అడగండి. "మా అనుదినాహారము" అన్న రోజున వాళ్ల ఇళ్లలో వంట ఎవరు చేస్తున్నారో ఆలోచించండి. అప్పుడే ఫోను తియ్యాలనిపిస్తుంది, తియ్యండి. వంటకి సాయం కావాలా అని అడగడానికైతే అదీ ప్రార్థనలో భాగమే.

ప్రార్థన రాసుకోవడం ఆత్మీయత కాదనేవాళ్లుంటారు. కీర్తనలన్నీ రాసినవే. గెత్సేమనేలో యేసు మూడోసారి కూడా ఆ మాటలే చెప్పి ప్రార్థించాడని మత్తయి రాశాడు (26:44). ఆయన వద్దన్నది వ్యర్థమైన మాటల్ని. చిన్న నోటు పుస్తకంలో వారానికొక ప్రార్థన, అయిదారు వాక్యాలు, రాసుకోండి. పెంతెకొస్తు నాటికి ఏడు పోగవుతాయి. ఎవరైనా హఠాత్తుగా లేవమన్నప్పుడు నోటికొచ్చేవి అందులోవే.

ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోటకి వెళ్లే సంఘాలు మనవైపు చాలా ఉన్నాయి. ముందురోజే సమాధులకి సున్నం వేస్తారు, పూలు, కొవ్వొత్తులు తెస్తారు. అక్కడ ఫొటోలు తీసుకోవడంతో సరిపెట్టకుండా, తమవారి సమాధి దగ్గర ఆ కుటుంబంలో అందరికన్నా చిన్నవాళ్ల చేత యోహాను 20:11 నుంచి 18 వరకు చదివించండి. మగ్దలేనే మరియ ఏడుస్తూ ఉండగానే యేసు ఆమెను పేరు పెట్టి పిలిచిన భాగం అది. తరవాత పెద్దవాళ్లలో ఒకరు ఒక్క నిమిషం ప్రార్థిస్తే చాలు.

అమెరికాలోనో గల్ఫులోనో ఉండి భూస్థాపనకి రాలేకపోయిన బిడ్డల కోసం ఇప్పుడు వీడియో కాల్‌లో ప్రార్థన పెడుతున్నారు. దానికి కొన్ని జాగ్రత్తలు కావాలి. ఒక్కరే ప్రార్థించాలి, మిగతావాళ్లు మైకు ఆపెయ్యాలి. అందరూ కలిసి పాడితే గొంతులు వెనకా ముందూ అయి గోల అవుతుంది, అందుకని పాట ఒకే గొంతు పాడాలి. అవతల ఉన్న బిడ్డని పేరుతో ప్రార్థించండి, ఆ గదిలో ఒంటరిగా ఉన్నది ఆ ఒక్కరే. ఆమెన్ అన్నాక వెంటనే కాల్ కట్ చెయ్యకండి, మాట్లాడేది ఉందేమో అడగండి. ఏమీ లేదంటే ఫోను కాసేపు అలాగే ఉంచండి. నెల తిరిగాక, చుట్టాల ఫోన్లు తగ్గాక, ఇంకొకసారి మీరే చెయ్యండి.