చీటీలో వచ్చిన వైపు

మా అక్క కొడుకు మొన్న రాత్రి ఫోన్ చేశాడు. బడిలో డిబేట్ అట, "విద్యార్థులకు ఫోన్లు నిషేధించాలి" అన్నది అంశం, చీటీ తీస్తే వీడికి ‘అనుకూలం’ వచ్చింది. ఫోన్ చేతిలో లేకపోతే నిద్రపట్టని పిల్లాడు వీడు. "నమ్మని మాట స్టేజీ ఎక్కి చెప్తే అబద్ధమాడినట్టే కదా మామయ్యా" అన్నాడు. సగం స్పీచ్ నాతో రాయించుకోవడానికే ఫోన్ చేశాడని తెలుసు కానీ, ప్రశ్న మాత్రం మంచిదే.

నాకూ తొమ్మిదో తరగతిలో ఇదే జరిగింది. హోంవర్క్ రద్దు చేయాలా వద్దా అంటే నాకు ‘వద్దు’ వచ్చింది, వారంలో మూడు రోజులు హోంవర్క్ చేయకుండా బడికెళ్లే నాకు! మార్చమని బతిమాలితే టీచర్ "మార్చేదే ఉంటే చీటీలెందుకురా" అన్నారు. రెండు రోజులు క్రమశిక్షణ, బాధ్యత అంటూ ఎక్కడో విన్న మాటలే రాసుకున్నాను. మూడో రోజు, పొద్దున క్లాసులో బోర్డు మీద చూసి అర్థమైందని తలూపిన లెక్కనే పుస్తకం మూసి చేద్దామని కూర్చుంటే రెండో లైను దగ్గరే ఆగిపోయాను. అర్థమవడం వేరు, చేయడం వేరు. నా స్పీచ్ మొత్తంలో నాది అనదగ్గ పాయింట్ అదొక్కటే. గెలవలేదు లెండి, బెల్ కొట్టేసరికి ఇంకా ఆ లెక్క దగ్గరే ఉన్నాను.

కానీ ఆ తర్వాత హోంవర్క్‌ని పాతలా తిట్టలేకపోయాను. (చేశానని కాదు.) ఇది నా ఒక్కడి సంగతీ కాదు. 1954లో జానిస్, కింగ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థులకు ఇలాగే ఒక వైపు అప్పజెప్పి మాట్లాడించి చూస్తే, మూడు అంశాల్లో రెండింట్లో విన్నవాళ్ల కంటే మాట్లాడినవాళ్ల అభిప్రాయమే ఎక్కువ మారింది. ఎదుటివాళ్లని ఒప్పిద్దామని బయల్దేరి మనమే ఒప్పుకుని వస్తామన్నమాట. ఇందులో లాభం ఎంతుందో ప్రమాదమూ అంతే ఉంది.

పాతకాలపు తర్కశాస్త్ర గ్రంథం, గౌతముడి న్యాయసూత్రాల్లో ఇలాంటి వాదనలకు మంచి పేర్లున్నాయి. నిజం తేల్చుకోడానికి చేసేది వాదం, ఎలాగైనా గెలవడానికి చేసేది జల్పం, తన పక్షమంటూ ఏదీ నిలబెట్టకుండా ఎదుటివాళ్లది పడగొట్టడమే పనిగా పెట్టుకుంటే వితండం. బడి డిబేట్లు ఎక్కువగా రెండోదాంట్లో మొదలై మూడోదాంట్లో తేలతాయి, కప్పు గెలిచినవాళ్లకే కదా ఇచ్చేది. నాతో చదివినవాళ్లు ఒకరిద్దరున్నారు, ఏ మాటకైనా ఎదురుమాట రెడీ, ఇంతకీ నువ్వేమంటావ్ అంటే మాత్రం పలకరు.

అయినా నన్ను ఇప్పటికీ గుచ్చేది ఇంకోటి. పదో తరగతిలో "పిల్లల్ని కొట్టి పెంచాల్సిందే" అన్న అంశం పెట్టారు. ఇంట్లో రోజూ దెబ్బలు తినే అమ్మాయికి ‘అనుకూలం’ పడింది. ఆ సంగతి టీచర్లకి తెలియదు, మాకు తెలుసు. అదరగొట్టేసింది, ఫస్ట్ ప్రైజ్ ఇచ్చారు. కప్పు పట్టుకుని దిగుతూ, "నేను రాసిందేం లేదు, మా నాన్న అనేవే చెప్పాను" అంది. మేమింకా చప్పట్లు కొడుతూనే ఉన్నాం. "నీకేమనిపిస్తోంది" అని ఆ రోజు ఆమెని ఎవరూ అడగలేదు. డిబేట్ అయ్యాక చీటీలు పక్కన పడేసి, ఎవరికి వాళ్లు సొంత మాట చెప్పుకునే ఐదు నిమిషాలు ఉంటే ఎవరైనా అడిగేవాళ్లేమో.

మావాడిని మాత్రం చీటీ మార్చుకోవద్దన్నాను. వైపులు చీటీల్లో వచ్చాయని హాల్లో అందరికీ తెలుసు, అబద్ధం ఎలా అవుతుంది? ముందు ఫోన్ ఎందుకు కావాలో నీ పాయింట్లు రాయి, తర్వాత వాటికి జవాబులు నువ్వే వెతుకు అన్నాను. పొద్దున మూడు పంపాడు, ఆ ఫోన్‌లోనే టైప్ చేసి. మొదటి రెండూ తేలికే. మూడోది: "బడి వదిలాక తీసుకెళ్లేవాళ్లు రాకపోతే ఎవరికి చెప్పాలి?" దానికి నాకూ ఇంకా జవాబు తట్టలేదు.