పది వ్యాగన్ల ఖనిజం, ఒక్క వ్యాగన్ సర్క్యూట్లు

ఫ్యాక్టరీలు కట్టే కంప్యూటర్ గేమ్ ఫ్యాక్టోరియోలో నా మెయిన్ బస్‌ను, అంటే సరుకంతా పక్కపక్క బెల్టుల మీద సాగే ఒకే దారిని, ఎంతో ఇష్టంగా కట్టుకున్నాను. ఇనుప రేకులకు నాలుగు బెల్టులు, రాగి రేకులకు నాలుగు, వాటి మధ్య రెండు గడుల ఖాళీ. కొత్తగా ఆడేవారికి ఇప్పటికీ నేను ముందు చెప్పేది ఇదే. తయారీ అంతా ఒకే దారి పక్కన ఉంటే ఏ వస్తువు దేనితో తయారవుతుందో కళ్లకు కడుతుంది.

చిక్కు బ్లూ సర్క్యూట్ల దగ్గర వచ్చింది. ఆటలో వీటిని గ్రీన్, రెడ్ అనే సాదా సర్క్యూట్లతో చేయాలి. బస్ చిట్టచివర వాటిని తయారుచేసే యంత్రాలు, అంటే అసెంబ్లర్లు, పనిలేక ఆగిపోయాయి. బెల్టు మీద ఒక గ్రీన్ సర్క్యూట్ వస్తుంది, ఇన్సర్టర్ అనే యంత్రపు చెయ్యి దాన్ని అందుకుంటుంది, మళ్లీ ఖాళీ బెల్టు మీదకు చెయ్యి చాచి నిలబడుతుంది. అక్కడి నుంచి బస్ వెంబడి వెనక్కి నడిచాను. గ్రీన్ సర్క్యూట్లు చేసే చోట ఇనుము నిండుగా ఉంది, రాగి లేదు. కొలిముల దగ్గరకు వెళితే నాలుగు రాగి బెల్టులూ నిండుగానే ఉన్నాయి. కాలువ మొదట్లో పొలాలన్నీ తడిసి శివారు ఆయకట్టుకు నీరందనట్టే, దారిలో ఒక్కో శాఖ తన వాటా లాగేసుకుంటోంది.

కాగితం మీద లెక్క వేశాను. ఒక బ్లూ సర్క్యూట్‌కు 20 గ్రీన్, 2 రెడ్ సర్క్యూట్లు కావాలి. రెడ్ సర్క్యూట్ లోపలా మళ్లీ గ్రీన్ సర్క్యూట్లూ రాగి తీగా ఉంటాయి. ఈ సర్క్యూట్లన్నీ విప్పి చూస్తే 24 ఇనుప రేకులు, 40 రాగి రేకులు. రెడ్ బెల్టు, అంటే వేగం ఎక్కువున్న రకం, మోసేది సెకనుకు 30 వస్తువులు. సెకనుకు ఒక్క బ్లూ సర్క్యూట్ కావాలన్నా నిండు బెల్టు రాగి చాలదు!

అప్పుడే రైలు లెక్క కూడా చూశాను. ఒక వ్యాగన్‌లో 8,000 గ్రీన్ సర్క్యూట్లు పడతాయి. వాటికి కావలసిన రేకులు ఇనుము రెండు వ్యాగన్లు, రాగి మూడు. ఆ రేకులకు కావలసిన ఖనిజం పది వ్యాగన్లు. పదింటిని ఫ్యాక్టరీ నడిబొడ్డుకు మోయడం కంటే గనుల పక్కనే కరిగించి, అక్కడే సర్క్యూట్లు చేసి, ఒక్క వ్యాగన్ పంపితే సరిపోతుంది. అనకాపల్లి దగ్గర మా తాతయ్య వాళ్లు చేసింది కూడా ఇదే. చెరకును బజారుకు మోసేవారు కాదు. చేను పక్కనే గానుగ ఆడి, పెనంలో కాచి, బెల్లం దిమ్మలను మాత్రమే బండికెత్తేవారు.

గ్రీన్ సర్క్యూట్లను గనుల దగ్గరకు మార్చేశాను. రాగి తీగను మాత్రం బెల్టు ఎక్కనివ్వలేదు. ఒక రేకు రెండు తీగలవుతుంది కాబట్టి బెల్టు మీద చోటు రెట్టింపు తింటుంది. మూడు తీగ అసెంబ్లర్లకు రెండు సర్క్యూట్ అసెంబ్లర్లు చొప్పున పక్కపక్కన పెట్టి, ఇన్సర్టర్ నేరుగా ఒకదానిలోంచి ఇంకోదానిలోకి అందించేలా కట్టాను.

పాత బస్‌ను కూల్చలేదు. బెల్టులు, ఇన్సర్టర్లు, పట్టాలు, స్తంభాలు చేసే భాగం అక్కడే ఉంది. వాటికి పది రకాల సరుకు కావాలి, ఒక్కోటీ కొంచెమే. ఇలాంటివాటి కోసం ఊరూరా రైలు స్టేషన్లు కట్టడం నా దృష్టిలో వృథా శ్రమ.

విడివిడిగా కట్టినంత మాత్రాన కష్టాలు తీరలేదు. కూడలిలో ఒక సిగ్నల్ తప్పుచోట పెట్టినందుకు ఆరు రైళ్లు గంటసేపు ఒకదాన్నొకటి ఆపుకుని నిలబడ్డాయి. కానీ లోపం ఎక్కడుందో వెతుక్కోనక్కరలేదు. ఏ స్టేషన్‌లో రైలు నిండకుండా ఎదురుచూస్తుందో కొరత అక్కడే.

తర్వాతి వంతు రెడ్ సర్క్యూట్లది. వాటికి ప్లాస్టిక్ కావాలి, నా చమురు బావులేమో బొగ్గుకు చాలా దూరం. ఒక బొగ్గు ముక్క రెండు ప్లాస్టిక్ ముక్కలవుతుంది, కానీ వ్యాగన్‌లో ప్లాస్టిక్ కూడా బొగ్గుకు రెట్టింపు పడుతుంది. ఎటు మోసినా వ్యాగన్లు అన్నే. అందుకే బొగ్గునే చమురు దగ్గరకు తెస్తున్నాను. నిన్న రాత్రి పట్టాలు సగం వరకు వేశాను.